ఆన్యో నువేవో స్టేట్ పార్క్‌లో స్వచ్ఛంద సేవ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆన్యో నువేవో ఎక్కడ ఉంది? అక్కడ వలంటీర్ల అవసరం ఏమిటి?

కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణంగా సుమారు 55 మైళ్ల దూరంలో, పసిఫిక్ తీరాన్ని ఆనుకుని సాగే హైవే 1 పక్కన, సుమారు 4,000 ఎకరాల్లో ఈ స్టేట్ పార్క్ ఉంది. ఒలోనీ జనసమూహంలోని కిరోస్తె ప్రజలు వేల ఏళ్లుగా నివసించిన నేల ఇది. 1603 జనవరి 3న సెబాస్టియన్ విజ్‌కైనో నాయకత్వంలోని స్పెయిన్ నౌకలు ఈ భూశిరాన్ని దాటి వెళ్లినప్పుడు, ఓడలో ఉన్న మతగురువు దీనికి స్పానిష్‌లో ‘కొత్త సంవత్సరం’ అని పేరు పెట్టారు. శాన్‌హోసే, ఫ్రీమాంట్, సన్నీవేల్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామందికి శాంటాక్రూజ్ బీచ్ బాగా తెలుసు. అక్కడి నుంచి ఉత్తరంగా కారులో అరగంట ప్రయాణిస్తే వచ్చే ఈ చోటు మాత్రం అంతగా తెలియదు.

చలికాలంలో ఇక్కడి ఇసుక మీదికి ఎలిఫెంట్ సీల్స్ అనే భారీ సముద్ర క్షీరదాలు వేల సంఖ్యలో వచ్చి పిల్లలను కంటాయి. ఎదిగిన మగ సీల్ బరువు 2,000 కిలోలు దాటవచ్చు. జంతుప్రదర్శనశాలలో ఉన్నట్టు ఇక్కడ కంచె గానీ అద్దం గానీ గోతి గానీ ఉండవు. సందర్శకుడికీ జంతువుకూ మధ్య కొన్ని అడుగుల ఇసుక, ఒక డోసెంట్ మాత్రమే ఉంటారు. శిక్షణ పొంది, సందర్శకులను వెంట తీసుకువెళ్లి, చూసినదాన్ని వివరించే వలంటీర్‌ను ఇక్కడ డోసెంట్ అంటారు. వివరించడం ఆ పనిలో సగమే. మనుషులు జంతువుల జోలికి పోకుండా చూడడం మిగతా సగం, నిజానికి అదే ముఖ్యమైన సగం. పార్క్‌లో జీతం మీద పనిచేసే సిబ్బంది కొద్దిమందే కాబట్టి, వలంటీర్లు లేకపోతే చలికాలంలో ఈ తీరాన్ని ప్రజలకు ఇప్పుడున్న పద్ధతిలో తెరిచి ఉంచడం కష్టం.

స్టేట్ పార్క్‌కూ నేషనల్ పార్క్‌కూ తేడా ఏమిటి?

నేషనల్ పార్కులు అమెరికా కేంద్ర ప్రభుత్వం కిందివి. స్టేట్ పార్కులు ఆయా రాష్ట్ర ప్రభుత్వాలవి. చరిత్రలో ఈ రెండింటి మధ్య గీత అంత స్పష్టంగా లేదు. 1864లో లింకన్ సంతకంతో యోసెమిటీ లోయనూ మారిపోసా వృక్షవనాన్నీ కాలిఫోర్నియా రాష్ట్రానికే అప్పగించారు. అవి మళ్లీ కేంద్రం చేతికి వెళ్లింది 1906లో. కాలిఫోర్నియాలో ఇప్పటికీ నడుస్తున్న స్టేట్ పార్కుల్లో అతి పాతదైన బిగ్ బేసిన్ రెడ్‌వుడ్స్ 1902 నాటిది. అది ఆన్యో నువేవోకు పొరుగునే ఉన్న కొండల్లో ఉంది. అక్కడి రెడ్‌వుడ్ అనే ఎత్తైన చెట్లు నరికివేతకు గురికాకుండా ఆపింది ప్రభుత్వం తనంతట తాను కాదు. 1900లో ఏర్పడిన సెంపర్‌వైరెన్స్ క్లబ్ అనే పౌరబృందం, ఛాయాచిత్రకారుడు ఆండ్రూ హిల్ వంటివారు పట్టుబట్టి సాధించారు.

1928లో కాలిఫోర్నియా ఓటర్లు పార్కుల కోసం 60 లక్షల డాలర్ల బాండ్లకు ఆమోదం తెలిపారు. ఆ సొమ్ముతో భూమి కొనాలంటే అంతే మొత్తం విరాళాల రూపంలో గానీ ఇతర మార్గాల్లో గానీ సమకూరాలన్న షరతు అందులో ఉంది. అంటే ఈ పార్కుల పునాదిలోనే ప్రజల చేయి ఉంది. వలంటీర్ వ్యవస్థను ఇటీవలి పొదుపు చర్యగా మాత్రమే చూసేవారు ఈ సంగతిని మరిచిపోతుంటారు.

ఎలిఫెంట్ సీల్స్ ఇక్కడ ఎప్పటి నుంచి ఉన్నాయి?

ప్రధాన భూభాగం మీద వీటి కాన్పులు మొదలై ఇంకా ఒక మనిషి జీవితకాలమంత కూడా కాలేదు. పందొమ్మిదో శతాబ్దంలో దీపాలకూ యంత్రాలకూ కావలసిన నూనె కోసం, వీటి చర్మం కింది మందపాటి కొవ్వు కోసం, వేటగాళ్లు వీటిని దాదాపు తుడిచిపెట్టారు. మెక్సికోకు చెందిన గ్వాడలూపె ద్వీపంలో మాత్రం ఒక చిన్న గుంపు మిగిలింది. 1892లో స్మిత్సోనియన్ సంస్థ తరఫున అక్కడికి వెళ్లిన బృందానికి ఎనిమిది సీల్స్ కనిపించగా, వాటిలో ఏడింటిని మ్యూజియం నమూనాల కోసం చంపివేశారు. ఆ జాతి అంతరిస్తోందన్న నమ్మకంతోనే ఆ పని చేశారన్నది ఈనాడు వినడానికి వింతగా ఉంటుంది. అదృష్టవశాత్తు అప్పుడు సముద్రంలో ఉన్న మరికొన్ని వారి కంటపడలేదు.

1922లో మెక్సికో ప్రభుత్వం వాటికి రక్షణ కల్పించింది. ఆ తరువాత అమెరికా కూడా అదే దారి పట్టింది. గుంపు పెరుగుతూ ఉత్తరానికి వ్యాపించింది. ఆన్యో నువేవో తీరానికి ఎదురుగా ఉన్న చిన్న ద్వీపం మీద 1955లో అవి కనిపించాయి, 1961లో అక్కడ తొలి కాన్పులు జరిగాయి, 1975లో ప్రధాన భూభాగపు ఒడ్డున తొలి పిల్ల పుట్టింది. ఇప్పుడు మెక్సికో నుంచి ఉత్తర కాలిఫోర్నియా వరకు వీటి సంఖ్య సుమారు రెండు లక్షలు ఉంటుందని అంచనా. అవన్నీ ఆ గుప్పెడు జీవుల సంతానమే కాబట్టి వాటిలో జన్యు వైవిధ్యం చాలా తక్కువ. ఏదైనా కొత్త వ్యాధి వస్తే తట్టుకోగలవా అన్న ఆందోళన శాస్త్రవేత్తలకు అందుకే ఉంది.

ద్వీపం మీద 1872లో ఓడల హెచ్చరిక కేంద్రాన్ని స్థాపించి, 1948లో మూసివేశారు. అక్కడి కాపలాదారుల పాత ఇల్లు ఇప్పుడు సీల్స్‌ను పోలిన సీ లయన్లకూ సముద్ర పక్షులకూ నివాసం. ద్వీపం మీదికి సందర్శకులకు అనుమతి లేదు. పరిశోధకులు మాత్రమే వెళతారు.

ఏ కాలంలో ఏం కనిపిస్తుంది?

సీల్స్ ఏదో ఒక వయసువి ఏడాది పొడవునా కనిపిస్తాయి కానీ, అసలు ఘట్టం చలికాలానిది. నవంబరు చివరి నుంచి పెద్ద మగవి ఒడ్డుకు చేరి ఆధిపత్యం కోసం తలపడతాయి. డిసెంబరు మధ్య నుంచి నిండు చూలాలైన ఆడవి రావడం మొదలవుతుంది. వచ్చిన వారం రోజులకు అటూ ఇటుగా ఒక్కొక్కటి ఒక్క పిల్లను కంటుంది. పుట్టినప్పుడు పిల్ల బరువు 35 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. తల్లి పాలలో సగానికి పైగా కొవ్వే కావడం వల్ల, నాలుగు వారాలు తిరిగేసరికి అది నూరు కిలోలు దాటిపోతుంది. ఈ నాలుగు వారాలూ తల్లి ఏమీ తినదు, నీటిలోకి దిగదు. తన బరువులో మూడో వంతుకు పైగా కోల్పోతుంది. ఆ చివరి రోజుల్లో జతకట్టి, పిల్లను ఒడ్డునే వదిలి సముద్రంలోకి వెళ్లిపోతుంది. మళ్లీ దాని కోసం రాదు. పాలు మానిన పిల్లలు రెండు నెలలకు పైగా అక్కడే గుంపుగా ఉండి, నీటిగుంటల్లోనూ ఒడ్డు పక్క నీటిలోనూ తమంతట తామే ఈత నేర్చుకుని, ఏప్రిల్ నాటికి బయలుదేరతాయి.

వసంతంలోనూ వేసవిలోనూ అవి వెంట్రుకలు మార్చుకోవడానికి తిరిగి వస్తాయి: ఏప్రిల్, మే నెలల్లో ఆడవీ చిన్నవీ, జులై, ఆగస్టుల్లో పెద్ద మగవి. పాత వెంట్రుకలు పైచర్మంతో సహా పొరలు పొరలుగా ఊడిపోతుంటే చూసినవారు జబ్బు చేసిందేమోనని కంగారు పడతారు. జబ్బేమీ కాదు. శరదృతువులో ఎక్కువగా పిల్ల సీల్సే ఒడ్డున ఉంటాయి.

సందర్శన వేళలు, అనుమతులు ఎలా ఉంటాయి?

డిసెంబరు 15 నుంచి మార్చి 31 వరకు సీల్స్ ఉండే ప్రాంతంలోకి డోసెంట్ వెంట మాత్రమే వెళ్లాలి. ముందుగా టికెట్ రిజర్వు చేసుకోవాలి. వారాంతపు టికెట్లు త్వరగా అయిపోతాయి. డిసెంబరు తొలి రెండు వారాలు ఆ ప్రాంతాన్ని మూసివేస్తారు. మిగిలిన నెలల్లో అనుమతి పత్రం తీసుకుని సొంతంగా నడవవచ్చు; అప్పుడు వలంటీర్లు దారి పొడవునా అక్కడక్కడా నిలబడి ఉంటారు. తుపానులు, జంతువుల ఆరోగ్యం, దారుల మరమ్మతులను బట్టి ఈ ఏర్పాట్లు మారవచ్చు కాబట్టి, బయలుదేరే ముందు కాలిఫోర్నియా స్టేట్ పార్క్స్ వారి ప్రకటన చూసుకోవడం అవసరం.

డోసెంట్ రోజు ఎలా గడుస్తుంది?

ఉదయం అన్నిటికంటే ముందు తెలుసుకోవలసింది ఆ రోజు దారి ఎటు అన్నది. నిన్న మనుషులు నడిచిన ఇసుక బాట మీద ఈ రోజు ఒక మగ సీల్ పడుకుని ఉండవచ్చు. దాన్ని లేపరు, దారినే మారుస్తారు. సిబ్బంది, అనుభవజ్ఞులైన వలంటీర్లు ముందుగా వెళ్లి చూసి వచ్చి, ఏ దిబ్బ మీది నుంచి చూపించవచ్చో, ఎక్కడ ఆగకూడదో చెబుతారు. ఆ తరువాత చిన్న చిన్న బృందాలుగా సందర్శకులు బయలుదేరతారు. నడక మొత్తం మూడు మైళ్లకు పైగా ఉంటుంది. రెండున్నర గంటలు పడుతుంది. వాన పడుతున్నా నడక సాగుతుంది.

మొదటి మైలులో సీల్స్ కనిపించవు. కొత్త డోసెంట్లకు నిజంగా కష్టమైన భాగం ఇదే. పిల్లలు విసుగెత్తి ‘ఎక్కడ, ఎక్కడ’ అని అడుగుతుంటారు. ఆ సమయంలో పొదల గురించి, దిబ్బల గురించి, ఆ నేల కింది శాన్ గ్రెగోరియో భ్రంశం (నేల పొరల్లోని పగులు) గురించి, అక్కడి జంతువుల, గద్దల గురించి ఆసక్తి తగ్గకుండా చెప్పగలగాలి. అంతరించే ప్రమాదంలో ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కో గార్టర్ పాము ఈ నేలలోనే ఉంది. ఎర్రనీ నీలిపచ్చనీ చారలతో చాలా అందమైనది. కనిపించడం మాత్రం అరుదు.

సీల్స్ దగ్గరకు చేరాక మాటలు తగ్గించాలి. అక్కడ మాట్లాడే పని సీల్సే చేస్తాయి. మగవాటి గర్జన చాలా దూరం వినిపిస్తుంది. ఆ సమయంలో డోసెంట్ కళ్లు ఒకవైపు జంతువుల మీద, మరోవైపు వెనుకబడి ఫొటోలు తీసుకునే నలుగురి మీద ఉండాలి.

సందర్శకులు ఎక్కువగా ఏం అడుగుతారు?

‘చచ్చిపోయిందా?’ అని. నిద్రలో ఈ జంతువులు ఒడ్డు మీద కూడా నిమిషాల తరబడి ఊపిరి బిగబట్టి కదలకుండా పడి ఉంటాయి. సముద్రంలో వాటి నిద్ర సంగతి ఇంకా ఆశ్చర్యకరం. నెలల తరబడి సాగే ప్రయాణాల్లో అవి రోజుకు సగటున రెండు గంటలే, అదీ లోతుకు మునుగుతూ చిన్న చిన్న కునుకులుగా నిద్రపోతాయని, ఆన్యో నువేవో సీల్స్‌కు మెదడు తరంగాలను నమోదు చేసే పరికరాలు అమర్చి చేసిన అధ్యయనం 2023లో తేల్చింది. మామూలుగా ఇవి వందల మీటర్ల లోతుకు మునిగి ఇరవై నిమిషాలకు పైగా ఉంటాయి. అవసరమైతే 1,500 మీటర్లు దాటి కూడా వెళ్లగలవు.

రెండో ప్రశ్న మగవాటి ముక్కు గురించి, మూడోది మరుగుదొడ్డి గురించి. మూడోదానికి జవాబు నడక మొదలయ్యే ముందే చెప్పడం మేలు.

దగ్గరగా వెళ్లనివ్వకపోవడానికి కారణం ఏమిటి? అవి నెమ్మదిగా కదిలే జంతువులే కదా?

కనీసం 25 అడుగుల దూరం పాటించాలన్నది ఇక్కడి నియమం. చూడడానికి బద్ధకంగా ఉన్నా, పెద్ద మగ సీల్ కొద్ది దూరం వరకు ఇసుక మీద మనిషి కంటే వేగంగా దూసుకురాగలదు. మనుషుల భద్రత ఒక కారణం. అయితే అది రెండో కారణం మాత్రమే. తల్లి బెదిరి పక్కకు జరిగితే పిల్ల దారి తప్పుతుంది. ఒక మగది ఉలిక్కిపడి పరుగెత్తితే దాని కింద పడి పిల్లలు నలిగిపోతాయి. ఒడ్డున ఉన్న నెలల్లో అవి తిండి లేకుండా, ఒంట్లోని కొవ్వు మీదే బతుకుతాయి కాబట్టి, అనవసరంగా కదిలిన ప్రతిసారీ వాటికి నష్టమే. సముద్ర క్షీరదాలను వేధించడం 1972 నాటి రక్షణ చట్టం ప్రకారం నేరం. అందుకే డ్రోన్లు ఎగురవేయకూడదు. కుక్కలను తీసుకురాకూడదు. సీల్స్ ఉండే ప్రాంతంలో తినుబండారాలకు కూడా అనుమతి లేదు.

సెల్ఫీ కోసం రెండడుగులు ముందుకు వేసేవారిని ఆపవలసి వచ్చినప్పుడు మన భాషవారైతే తెలుగులో చెప్పవచ్చా అని కొందరు అడిగారు. తప్పకుండా చెప్పవచ్చు. ‘అండీ, కొంచెం వెనక్కి రండి’ అన్న మాట వారిని నొప్పించకుండానే పని చేస్తుంది. ఆ తరువాత కారణం కూడా చెప్పాలి. కారణం చెప్పకుండా ఆపితే, వారికి డోసెంట్ కాపలాదారుగానే కనిపిస్తారు.

తల్లి నుంచి తప్పిపోయిన పిల్ల కళ్లముందు ఆకలితో అరుస్తుంటే వలంటీర్లు ఎందుకు కాపాడరు?

అన్నింటిలోకీ కష్టమైన ప్రశ్న ఇది. చాలామంది వలంటీర్లు తమ మొదటి చలికాలంలోనే దీన్ని ఎదుర్కొంటారు. పెద్ద అలలు వచ్చినప్పుడు, మగవి గుంపులోంచి దూసుకుపోయినప్పుడు, కొన్ని పిల్లలు తల్లులకు దూరమవుతాయి. తల్లీపిల్లా ఒకదాన్నొకటి గొంతును బట్టి, వాసనను బట్టి గుర్తిస్తాయి కాబట్టి కొన్నిసార్లు మళ్లీ కలుస్తాయి. కలవనివి మరో తల్లి దగ్గర పాలు తాగడానికి ప్రయత్నిస్తాయి. ఒక్కోసారి ఆ తల్లి తాగనిస్తుంది, ఎక్కువసార్లు కరిచి తరిమేస్తుంది. అలాంటి పిల్లల్లో కొన్ని చనిపోతాయి. వాటి కళేబరాలు గద్దలకూ గల్ పక్షులకూ ఆహారమవుతాయి. సందర్శకుల బృందంలో ఏడుపు ఆపుకోలేని పిల్లలు ఉంటారు, కోపం ఆపుకోలేని పెద్దలు ఉంటారు.

చట్టం ప్రకారం అనుమతి పొందిన సంస్థలు తప్ప ఇతరులు సముద్ర క్షీరదాలను తాకరాదు. గాయపడిన, చిక్కుకుపోయిన జంతువులకు చికిత్స చేయడానికి 1975లో స్థాపించిన మెరైన్ మామల్ సెంటర్ సాసలీటోలో ఉంది. జనం తిరిగే బీచ్‌ల మీద దిక్కులేకుండా కనిపించే సీల్ పిల్లలను వారు తీసుకువెళ్లి కోలుకున్నాక వదులుతారు. ఆ సంస్థ కూడా చాలావరకు వలంటీర్ల మీదే నడుస్తుంది. అయితే వేల జంతువులు ఒకచోట కాన్పులకు చేరిన తీరంలో, ఒక పిల్లను తీయడానికి నలుగురు మనుషులు గుంపులోకి దిగితే, బెదిరిన గుంపు కింద మరెన్ని పిల్లలు నలుగుతాయో చెప్పలేం. మనుషుల వల్ల కలిగిన హాని, ఉదాహరణకు మెడకు చుట్టుకున్న ప్లాస్టిక్ పట్టీ, కనిపిస్తే వలంటీర్ వెంటనే సిబ్బందికి తెలియజేస్తారు. ప్రకృతి వల్ల జరిగినదైతే చూసి, నమోదు చేసి, ఊరుకుంటారు.

ఊరుకోవడం నిర్దయ కాదని సందర్శకులకు నచ్చజెప్పడం సులభం కాదు. గణాంకాలతో మొదలుపెడితే వారు మరింత దూరమవుతారని అనుభవజ్ఞులు చెబుతారు. ముందు వారి బాధను బాధగా ఒప్పుకోవాలి. తరువాత ఆ పక్కనే తల్లి పాలు తాగుతున్న పిల్లను చూపించి, ఈ తీరంలో రెండూ ఉంటాయని చెప్పాలి. అంతకు మించి వాదించి గెలవాలనుకోకపోవడమే మంచిది.

నేను జీవశాస్త్రం చదువుకోలేదు, నా ఇంగ్లీషు ఉచ్చారణ వేరుగా ఉంటుంది. నన్ను తీసుకుంటారా?

తీసుకుంటారు. డోసెంట్లలో విశ్రాంత ఉపాధ్యాయులు, ఇంజినీర్లు, విద్యార్థులు, అన్ని రకాల వారూ ఉంటారు. చలికాలపు నడకలకు ముందుగా శిక్షణ తరగతులు జరుగుతాయి. సీల్స్ జీవనచక్రం, తీరపు భూగర్భ శాస్త్రం, ఒలోనీ ప్రజల చరిత్ర, భద్రతా నియమాలు, బృందాన్ని నడిపే పద్ధతి అందులో ఉంటాయి. తరువాత అనుభవజ్ఞుల వెంట నడిచి చూసి, ఆపైన సొంత బృందాన్ని తీసుకుంటారు. ఉచ్చారణ గురించి బెంగ అక్కర్లేదు. నెమ్మదిగా, గాలి హోరులో కూడా వినిపించేలా మాట్లాడడం అంతకంటే ముఖ్యం. మన కాల్ సెంటర్ల తరహా అరువు యాసను తెచ్చిపెట్టుకోవడం కంటే సొంత గొంతుతో చెప్పేదే జనానికి బాగా అర్థమవుతుంది.

తెలియని ప్రశ్నకు ‘తెలియదు’ అనడం శిక్షణలోనే నేర్పుతారు. ఊహించి చెప్పిన జవాబు ఇరవై మంది సందర్శకులతో ఇరవై ఇళ్లకు చేరుతుంది.

హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 వీసాల మీద ఉన్నవారు వలంటీర్లుగా చేరవచ్చా?

జీతం గానీ దానికి బదులుగా ఇచ్చే ప్రతిఫలం గానీ లేని, మామూలుగా వలంటీర్లే చేసే పౌరసేవకు ఉద్యోగ అనుమతి అవసరం లేదన్నది సాధారణ సూత్రం. ప్రభుత్వ పార్క్‌లో డోసెంట్ పని ఆ కోవలోకి వస్తుంది. ఉద్యోగ అనుమతి లేక ఇంట్లో ఉండిపోయిన హెచ్4 వీసాదారులకు, ముఖ్యంగా పిల్లలు బడికి వెళ్లే వయసుకు వచ్చిన తల్లులకు, ఇది నలుగురిలోకి వచ్చే మంచి మార్గం. అయితే స్టెమ్ ఓపీటీలో (సైన్స్, ఇంజినీరింగ్ వంటివి చదివినవారికి చదువు తరువాత ఇచ్చే అదనపు పని అనుమతిలో) ఉన్న విద్యార్థులు ఈ గంటలను తమ ఉద్యోగపు గంటల కింద చూపుకోలేరు. పరిస్థితి ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది కాబట్టి, చేరేముందు పార్క్ వలంటీర్ సమన్వయకర్తకు వీసా సంగతి చెప్పి, అనుమానం ఉంటే ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని లేదా కళాశాల అంతర్జాతీయ కార్యాలయాన్ని సంప్రదించడం క్షేమం. వాట్సాప్ గ్రూపులో వచ్చిన సలహాను న్యాయసలహాగా తీసుకోవద్దు.

పిల్లలతో కలిసి సేవ చేయవచ్చా?

పద్దెనిమిదేళ్లలోపు వారికి తల్లిదండ్రుల లిఖితపూర్వక అనుమతి కావాలి. పనిని బట్టి కనీస వయసు మారుతుంది. సందర్శకుల బృందాలను నడపడం పెద్దల పనే అయినా, బీచ్ శుభ్రపరచడం, స్థానికేతర మొక్కలను పీకడం, నారు నాటడం వంటి రోజుల్లో కుటుంబాలకు చోటు ఉంటుంది. కళాశాల దరఖాస్తు కోసం సేవా గంటలు లెక్క వేసుకునే పిల్లల గురించి ఒక మాట: గంటల కోసమే వచ్చినా ఫరవాలేదు, పని మాత్రం ఒప్పుకున్నట్టు చేస్తే చాలు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను నడకకు తీసుకువెళ్లవచ్చా?

మూడు మైళ్లు, అందులో కొంత మెత్తటి ఇసుక మీద నడవగలిగితే నిరభ్యంతరంగా తీసుకువెళ్లవచ్చు. మోకాళ్ల నొప్పులున్నవారి కోసం, చక్రాల కుర్చీ వాడేవారి కోసం, చెక్క దారి మీదుగా సాగే ప్రత్యేక నడకలు చలికాలంలో ఉంటాయి. వాటికి వేరుగా ముందే నమోదు చేసుకోవాలి. ఆ నడకల్లో సహాయకులుగా ఉండడం కూడా వలంటీర్ల పనే. చీరకట్టుతో నడవడం కంటే గాలికి ఆగే దుస్తులు, గొడుగు కంటే టోపీ ఉన్న రెయిన్ జాకెట్, చెప్పుల కంటే బూట్లు మేలు. స్ట్రోలర్ ఇసుకలో కదలదు కాబట్టి చంటిపిల్లలను వీపున మోయాలి. పులిహోర డబ్బా కారులోనే ఉంచి, నడక ముగిశాక పార్కింగ్ దగ్గరి బల్లల మీద తినవచ్చు.

బృందాలను నడపడం కాకుండా వేరే పనులు ఉన్నాయా?

చాలా ఉన్నాయి. పాత పాడిపశువుల కొట్టాన్ని మార్చి ఏర్పాటు చేసిన విద్యా కేంద్రంలో సందర్శకులకు సమాచారం ఇవ్వవచ్చు. బడి పిల్లల బృందాలకు సహాయపడవచ్చు. మాట్లాడడం ఇష్టం లేనివారికి స్థానిక మొక్కల పునరుద్ధరణ బాగుంటుంది: తీరమంతా పాకే ఐస్ ప్లాంట్ వంటి పరాయి మొక్కలను తొలగించడం, ఇక్కడి మొక్కలను తిరిగి నాటడం. ఇదే తీరంలో 115 అడుగుల ఎత్తున్న పిజన్ పాయింట్ దీపస్తంభం ఉంది. 1872లో వెలిగిన ఆ స్తంభం పైభాగంలో కొంత 2001లో విరిగిపడడంతో లోపలికి ప్రవేశం ఆపివేశారు. అక్కడ చరిత్ర చెప్పేవారు కావాలి. హాఫ్‌మూన్ బే దగ్గర స్నోయీ ప్లోవర్ అనే చిన్న పక్షుల గూళ్లను గమనించి లెక్కపెట్టే వలంటీర్లు వేరే ఉన్నారు. ఆ పక్షి ఇసుక రంగులో ఉండడం వల్ల నడిచేవారి కాలి కింద పడే ప్రమాదం ఉంది.

దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది? ప్రయోజనాలేమైనా ఉంటాయా?

వలంటీర్‌గా నమోదై ఒప్పందంపై సంతకం చేసినవారికి, విధి నిర్వహణలో గాయమైతే కాలిఫోర్నియా కార్మిక పరిహార బీమా వర్తిస్తుంది. అందుకే నమోదు కాకుండా ‘ఊరికే సాయం చేస్తాను’ అనడం ఇద్దరికీ ఇబ్బందే. పిల్లలతోనో డబ్బుతోనో పనిచేసేవారికి వేలిముద్రల తనిఖీ ఉండవచ్చు. నిర్ణీత గంటలు పూర్తి చేసినవారికి పార్కుల ప్రవేశ పాస్ ఇస్తారు. ఉద్యోగులు సేవ చేసిన గంటలకు లాభాపేక్ష లేని సంస్థకు విరాళం ఇచ్చే పద్ధతి బే ఏరియాలోని (శాన్‌ఫ్రాన్సిస్కో పరిసర ప్రాంతంలోని) చాలా కంపెనీల్లో ఉంది. మన ఇంజినీర్లలో అనేకులు ఆ ఫారం నింపకుండా వదిలేస్తున్నారు.

ప్రభుత్వం జీతమిచ్చి చేయించాల్సిన పనిని మేము ఉచితంగా ఎందుకు చేయాలి?

న్యాయమైన ప్రశ్నే. 2011లో బడ్జెట్ కోతల కారణంగా కాలిఫోర్నియా 70 స్టేట్ పార్కులను మూసివేస్తామని ప్రకటించింది. పౌరసంస్థలు, దాతలు, స్థానిక ప్రభుత్వాలు ముందుకొచ్చి దాదాపు అన్నింటినీ నిలబెట్టారు. సరిగ్గా ఆ విరాళాల హడావిడి ముగిసే సమయానికి, 2012 జులైలో, ఆ శాఖ ఖాతాల్లో సుమారు 5.4 కోట్ల డాలర్లు లెక్కలో చూపకుండా ఉన్నాయని బయటపడింది. శాఖ అధిపతి రాజీనామా చేశారు. దాతలు సొమ్మిచ్చి నిలబెట్టిన పార్కుల విషయంలో ఇలా జరగడం ప్రజలను తీవ్రంగా బాధించింది.

ఆ అనుభవం నుంచి ఈ రచయిత తీసుకున్న నిర్ణయం ఇది: రేంజర్లు, మరమ్మతు సిబ్బంది, అగ్నిమాపక పనులు ప్రభుత్వ బాధ్యతలు, వాటి ఖాళీలను వలంటీర్లతో పూరించే ప్రయత్నం జరిగితే ప్రశ్నించాలి. ఒక సీల్ దగ్గర ఇరవై మందిని నిలబెట్టి వివరించే పని మాత్రం పౌరుడు పౌరుడికి చేసే పని. జీతం ఇచ్చినా దానిలోని సారం మారదు. ఈ తీరంలోని పార్కులకు తోడుగా ఉండే కోస్ట్‌సైడ్ స్టేట్ పార్క్స్ అసోసియేషన్ వంటి లాభాపేక్ష లేని సంస్థలు శిక్షణకూ విద్యా కార్యక్రమాలకూ నిధులు సమకూరుస్తాయి. సమయం లేనివారు వాటిలో సభ్యులుగా చేరవచ్చు.

2020 అగ్నిప్రమాదంలో ఈ పార్క్ దెబ్బతిన్నదా?

2020 ఆగస్టులో పిడుగుల వల్ల చెలరేగిన, సీజడ్‌యూ అని పేరు పెట్టిన దావానలం పక్కనే ఉన్న బిగ్ బేసిన్‌ను దాదాపు పూర్తిగా కాల్చివేసింది. అక్కడి చారిత్రక భవనాలు బూడిదయ్యాయి. మంటల వల్ల ఈ తీరపు పార్కులను కూడా ఖాళీ చేయించారు. బిగ్ బేసిన్ 2022 జులైలో పరిమితంగా తిరిగి తెరుచుకుంది. ముదురు రెడ్‌వుడ్ చెట్లలో అధిక భాగం నల్లబడిన బోదెల నుంచే మళ్లీ చిగురించాయి. అక్కడి దారుల పునర్నిర్మాణంలోనూ వలంటీర్ల అవసరం ఇంకా ఉంది.

తెలుగు నాట ఇలాంటి సేవకు అవకాశం ఉందా?

ఉంది, రూపం వేరు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ అనంతపురం ప్రాంతపు వీరాపురంలోనూ ఏటా గూళ్లు కట్టుకునే కొంగజాతి పక్షులను తరతరాలుగా కాపాడుతున్నది గ్రామస్థులే. వారికి వలంటీర్ అన్న బిరుదు ఎవరూ ఇవ్వలేదు. ఆంధ్ర తీరంలో చలికాలం నుంచి వేసవి మొదటి వరకు గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం అటవీ శాఖతో కలిసి మత్స్యకార యువకులూ స్వచ్ఛంద సంస్థలూ రాత్రిళ్లు ఒడ్డు వెంట నడిచి గుడ్లను సేకరించి, పొదిగే కేంద్రాలకు చేరుస్తారు. సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు చూడదలచినవారు ముందుగా స్థానిక అటవీ అధికారుల అనుమతి తీసుకోవాలి. అక్కడ కూడా ఫ్లాష్ వెలుగు, గుంపు, కేకలు పనికిరావు.

చేరాలనుకుంటే మొదట ఏం చేయాలి?

చలికాలంలో ఒకసారి సందర్శకులుగా నడిచి చూడండి. చలి, ఇసుక, జనం, దుర్వాసన (సీల్స్ గుంపు వాసన గురించి ముందే చెప్పడం న్యాయం) మీకు సరిపడతాయో లేదో తెలుస్తుంది. నచ్చితే కాలిఫోర్నియా స్టేట్ పార్క్స్ వెబ్‌సైట్‌లోని వలంటీర్ విభాగంలో దరఖాస్తు నింపి, వేసవి చివరికల్లా పార్క్ వలంటీర్ సమన్వయకర్తతో మాట్లాడండి. శిక్షణ శరదృతువులో మొదలయ్యాక మధ్యలో చేరనివ్వకపోవచ్చు. ఒక సీజన్ అంతా నిర్ణీత రోజుల్లో రాగలమన్న మాట ఇవ్వగలిగితేనే పేరు ఇవ్వండి. ఇండియా ప్రయాణం డిసెంబరు, జనవరి నెలల్లో పెట్టుకున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే డోసెంట్ల కొరత ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ సెలవుల రోజుల్లోనే.